జాజు, ఉప్పు, రాగి: గ్రాండ్ కేన్యన్ రాళ్ల కోసం దిగినవాళ్లు

గ్రాండ్ కేన్యన్‌లో రెడ్‌వాల్ అని ఒక కొండగోడ ఉంది. దాదాపు 500 అడుగుల ఎత్తున, నిట్టనిలువుగా, లోయ పొడవునా ఎర్రగా సాగుతుంది. ఈమధ్యే పెచ్చు ఊడిపడిన చోట మాత్రం లోపలి రాయి బూడిదరంగులో కనిపిస్తుంది. అది వట్టి సున్నపురాయి. పైనున్న పొరల్లోని ఇనుము తుప్పు పట్టి, వాన పడినప్పుడల్లా ఆ తుప్పునీళ్లు గోడ మీదుగా కారి, ఏళ్ల తరబడి పూసిన పూతే ఆ ఎరుపు. ప్రపంచం నలుమూలల నుంచి జనం వచ్చి ఫొటోలు తీసుకునే రంగు అరువు తెచ్చుకున్నదన్నమాట.

కొలరాడో నది అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రం ఉత్తరాన ఎత్తైన ఎడారి పీఠభూమిని కోసుకుంటూ చేసిన గండి ఇది. పొడవు 277 మైళ్లు, లోతు మైలుకు పైనే. ఈ లోతు తవ్వడానికి నదికి యాభై అరవై లక్షల ఏళ్లు పట్టింది. అలా బయటపడ్డ రాళ్లు మరీ పాతవి: పైఅంచున 27 కోట్ల ఏళ్లనాటివి, అడుగున 170, 180 కోట్ల ఏళ్లనాటివి. వాటిలో కనిపించేవి చాలావరకు మామూలు ఖనిజాలే. పలుగురాయి, అభ్రకం, ఫెల్డ్‌స్పార్, సున్నపు స్ఫటికం, జిప్సం, ఉప్పు, ఇనుప తుప్పు. తెలుగునేల మీద ఏ గుట్టను తవ్వినా వీటిలో రెండుమూడు దొరుకుతాయి. అయినా వీటికోసం, వీటి మధ్య అక్కడక్కడా ఇమిడిన రాగి, రాతినార, యురేనియంల కోసం మనుషులు తరతరాలుగా ఆ గండిలోకి దిగారు. దిగినంత సులువుగా బరువుతో ఎక్కలేరు. ఇక్కడ ఏ ఖనిజం గతి ఏమిటన్నది ఆ ఎక్కుడే తేల్చింది.

రెడ్‌వాల్‌కు రంగు పూసిన ఆ తుప్పు తెలుగు ఇళ్లకు కొత్తది కాదు. పండక్కి అరుగులకూ గోడల అంచులకూ పూసే జాజుకు ఎరుపునిచ్చేది హెమటైట్ అనే ఇనుప ఖనిజం. గండి పడమటి భాగంలోని ఒక పక్కలోయ హవసుపాయ్ తెగవారిది. వాళ్లు ఈ ఖనిజాన్నే తవ్వి, మెత్తగా నూరి, జంతువుల కొవ్వులో కలిపి ముఖాలకు పూసుకునేవారు. అలంకారానికి అలంకారం, ఎడారి ఎండకూ చలిగాలికీ చర్మానికి కాపుదల. వాళ్ల జాజుకు చుట్టుపక్కల తెగల్లో గిరాకీ ఎక్కువ. తూర్పున రోజుల ప్రయాణం దూరంలో ఉన్న హోపీల ఊళ్లకు జాజు, జింకతోళ్లు, బుట్టలు పట్టుకెళ్లి నూలుబట్టలు, కుండలు, మొక్కజొన్న తెచ్చుకునేవారు. హోపీల చేతుల్లోంచి ఆ ఎరుపు ఇంకా దూరం పోయేది. భుజాన వేసుకుని గోడ ఎక్కగలిగినంత చిన్న సంచిలో చాలాకాలం వాడుకునేంత రంగు ఉంటుంది. ఈ గండి ఆర్థికశాస్త్రానికి అంతకంటే చక్కగా సరిపోయే సరుకు మళ్లీ దొరకలేదు.

హోపీలు కూడా గండిలోకి దిగేవారు, ఉప్పు కోసం. లిటిల్ కొలరాడో నది వచ్చి పెద్ద నదిలో కలిసేచోటికి కాస్త దిగువన, టపీట్స్ అనే ఇసుకరాయి పొరలోంచి ఉప్పునీరు ఊరుతుంది. ఎండకు ఆ నీరు ఆవిరై, రాతి చూరుకు తెల్లటి ఉప్పు వేలాడుతుంది, గట్టు మీద పేరుకుంటుంది. వంటింట్లో వాడే ఉప్పే అది. కానీ హోపీలకు ఆ ప్రయాణం సంతకు పోవడం లాంటిది కాదు. తమ పూర్వీకులు ఈ లోకంలోకి వచ్చిన ద్వారం ఆ లోయలోనే ఉందని వాళ్ల నమ్మకం. చనిపోయినవారి ఆత్మలు చేరేదీ అక్కడికేనని నమ్ముతారు. అందుకని ఉప్పుయాత్ర మగవాళ్లకు దీక్ష లాంటిది. నియమాలు పాటించి బయల్దేరేవారు. దారి పొడవునా ఉన్న పవిత్రస్థలాల్లో ఈకలు కట్టిన ప్రార్థన కర్రలు పెట్టేవారు. చివరి గట్టు దగ్గర తాడు పట్టుకుని దిగేవారు.

ఆ యాత్రల లెక్క ఎక్కడా రాసి లేదనుకుంటే పొరపాటు. దారిలో విల్లో స్ప్రింగ్స్ దగ్గర తుతువేని అనే చోట పెద్ద పెద్ద ఇసుకరాతి బండలున్నాయి. ఉప్పుకు పోయే ప్రతివాడూ అక్కడ ఆగి తన వంశపు గుర్తును, అంటే ఎలుగుబంటో మొక్కజొన్నో మేఘమో ఏదైతే అది, రాతిమీద చెక్కేవాడు. మళ్లీ వచ్చినప్పుడు పాత గుర్తు పక్కనే ఇంకొకటి. అలా వరసలు వరసలుగా సుమారు 5,000 గుర్తులు ఆ బండల మీద ఉన్నాయి. డాన్ తలయెస్వా అనే హోపీ పెద్ద తాను చేసిన ఉప్పుయాత్రను 1942లో అచ్చయిన తన ఆత్మకథ 'సన్ చీఫ్'లో వివరంగా చెప్పుకున్నాడు. పడవల మీద నదిలో వచ్చే యాత్రికులకు ఇప్పుడు ఆ ఉప్పుగట్టు దగ్గర ఆగే అనుమతి లేదు. అది సబబే. ఒక జాతి తన తాతముత్తాతల దగ్గరికి వెళ్లే దారి అది.

1540 సెప్టెంబరులో స్పానిష్‌వాళ్లు బంగారు నగరాల కథలు విని ఈ ప్రాంతానికి వచ్చారు. గార్సియా లోపెజ్ దె కార్దెనాస్ దళాన్ని గండి అంచుకు తీసుకొచ్చింది హోపీ దారిచూపరులే. ముగ్గురు సైనికులు దిగబోయి మూడోవంతు దాకా వెళ్లి తిరిగొచ్చారు. పైనుంచి మనిషెత్తున కనిపించిన బండలు సెవిల్ నగరపు పెద్ద గోపురం కంటే ఎత్తున్నాయని చెప్పారు. దప్పికతో దళం వెనుదిరిగింది. ఉప్పు కోసం తరచూ దిగే హోపీలకు కిందికి దారి తెలియదంటే నమ్మడం కష్టం. చెప్పకూడదని వాళ్లు అనుకుని ఉంటారు.

తర్వాత మూడు శతాబ్దాలపాటు బయటివాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. 1869లో జాన్ వెస్లీ పావెల్ నాలుగు పడవల్లో మరో తొమ్మిదిమందితో బయల్దేరి, చివరికి అయిదుగురితో గండి దాటి బయటపడ్డాడు. ఆయన రెండో యాత్రకు సామాను చేరవేసినవాళ్లు కనాబ్ క్రీక్ కలిసేచోట ఇసుకలో బంగారం రేణువులు చూశామన్నారు. ఆ మాట తంతి తీగల మీద పాకింది. 1872 వసంతంలో వందలమంది గుర్రాలేసుకుని వచ్చారు. బంగారం ఉన్నమాట నిజమే, కానీ పిండిలా ఉంది. కడిగితే నీళ్లతోపాటే పోయేది. కొద్ది నెలల్లో అందరూ వెళ్లిపోయారు.

ఇక్కడ తెలుగు పాఠకులు ఆగి చూడవలసిన సంగతి ఒకటుంది. గండి అట్టడుగున, నది ఒడ్డున, నల్లగా మెరిసే రాయి పేరు విష్ణు షిస్ట్. దాని పొరుగు రాళ్లు బ్రహ్మ షిస్ట్, రామ షిస్ట్. ఈ పేర్ల వరసకు మూలం క్లారెన్స్ డటన్ అనే సైనికాధికారి. భూగర్భశాస్త్రవేత్తగా ఈ ప్రాంతాన్ని సర్వే చేసి 1882లో పెద్ద గ్రంథం అచ్చువేశాడు. గండిలో విడిగా నిలిచిన శిఖరాలు ఆయన కంటికి తూర్పుదేశాల గుడిగోపురాల్లా కనిపించాయి. ఒకదానికి విష్ణు టెంపుల్ అని, మరొకదానికి శివ టెంపుల్ అని పేరు పెట్టాడు. తర్వాత వచ్చినవాళ్లు బ్రహ్మ, దేవ, మను, బుద్ధ, కృష్ణ పేర్లతో ఆ వరస కొనసాగించారు. చార్లెస్ వాల్కాట్ అనే శాస్త్రవేత్త విష్ణు పేరును శిఖరం నుంచి అడుగురాళ్లకు దించాడు.

ఆ మూడు రాళ్లూ పుట్టిన తీరు ఆసక్తిగా ఉంటుంది. సముద్రంలో పేరుకున్న బురద, ఇసుక భూమిలోపల పది మైళ్లకు పైగా లోతుకు కుంగి, వేడికీ ఒత్తిడికీ ఉడికి విష్ణు షిస్ట్ అయింది. చేతిలోకి తీసుకుంటే అభ్రకం రేకులు తళుక్కుమంటాయి. అక్కడక్కడా దానిమ్మగింజల్లా గార్నెట్లు పొదిగి ఉంటాయి. బ్రహ్మ షిస్ట్ ఒకప్పటి నల్లటి లావా. రామ షిస్ట్ లేతరంగు అగ్నిపర్వత పదార్థం. వీటిని చీల్చుకుంటూ గులాబీరంగు గ్రానైట్ చారలు పైకి పాకాయి. దాని పేరు జొరాస్టర్. మన దేవుళ్ల పేర్లు అంత దూరాన వినబడితే సంతోషం కలగడం సహజం. అయితే ఆ శిఖరాలకు హవసుపాయ్‌లు, హోపీలు, నవాహోలు తమ భాషల్లో పిలుచుకునే పేర్లు ఉన్నాయని, పటాల్లోకి ఎక్కనివి అవేనని కూడా గుర్తుంచుకోవాలి.

రైలుమార్గాలు ఆరిజోనాకు వచ్చాక, 1880లలో, గని తవ్వేవాళ్లు ఒక్కొక్కరే గండి అంచుకు చేరారు. వాళ్లలో పీట్ బెర్రీ కథను తీరిగ్గా చెప్పుకోవాలి. 1890లో ఆయన, రాల్ఫ్ కామెరాన్, మరికొందరు కలిసి తూర్పువైపున హార్స్‌షూ మీసా అనే బల్లపరుపు గుట్ట మీద రాగి కనిపెట్టారు. గనికి లాస్ట్ చాన్స్ అని పేరు పెట్టారు. ఆఖరి అవకాశం. ఆ గుట్ట గండి పైఅంచుకు 2,500 అడుగుల కింద ఉంది. అక్కడికి దారి లేదు.

దారి వాళ్లే వేశారు. 1892, 93 సంవత్సరాల్లో, నిలువు గోడకు దారి అంటించాల్సి వచ్చినచోట రాతికి రంధ్రాలు వేసి, ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, వాటి మీద జూనిపర్ దుంగలు పేర్చి, గొలుసులతో బిగించి, పైన రాళ్లు, మట్టి పరిచారు. మరికొన్ని చోట్ల రాళ్లను గచ్చులా నిలువుగా పేర్చారు. గ్రాండ్‌వ్యూ కాలిబాటగా అది ఇప్పటికీ నిలిచి ఉంది. నూటముప్పై ఏళ్లనాటి ఆ రాతిపరుపు మీద నేటికీ జనం నడుస్తున్నారు. ఇంజనీరింగ్ చదువు లేని మనుషులు సుత్తి, ఉలి, మందుగుండుతో చేసిన పని అది.

గనిలో దొరికిన ఖనిజం మామూలుది కాదు. ఏరిన రాయిలో రాగి 70 శాతం దాటింది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దానికి బహుమతి వచ్చింది. ఆకుపచ్చ మాలకైట్, ముదురునీలం అజురైట్, పట్టుదారపు పోగుల్లా నీలంగా మెరిసే సయనోట్రైకైట్ అన్నీ ఒకేచోట దొరికాయి. ప్రపంచంలో మొదటిసారి ఇక్కడే గుర్తించిన ఒక రాగి ఖనిజానికి ఈ మధ్యకాలంలో గ్రాండ్‌వ్యూయైట్ అని గనిపేరే పెట్టారు.

అంత మేలైన రాగీ నిలబడలేదు. ఒక్కో కంచరగాడిద సుమారు 200 పౌన్లు, అంటే 90 కిలోలు మోసుకుని ఆ దారి ఎక్కాలి. రోజుకు ఒకటిన్నర సార్లు తిరిగితే గొప్ప. పైకి వచ్చాక బళ్ల మీద ఫ్లాగ్‌స్టాఫ్‌కు, అక్కడినుంచి రైల్లో కరిగించే కొలిమికి. నీళ్లు, తిండి, మందుగుండు, గాడిదల దాణా అన్నీ పైనుంచి కిందికి దించాలి. రాగి ధర బాగున్నంతకాలం నెట్టుకొచ్చారు. 1901లో గని ఒక కంపెనీకి అమ్మేశారు. 1907లో రాగి ధర కుప్పకూలింది, గని మూతపడింది. బెర్రీకి కాస్త డబ్బు చూపించింది 1890లలో ఆయన అంచున కట్టిన గ్రాండ్ వ్యూ హోటల్. గని చూడటానికో గండి చూడటానికో వచ్చినవాళ్లకు పడక, భోజనం, గాడిద సవారీ. అదీ ఎంతోకాలం సాగలేదు. 1901 సెప్టెంబరు 17న మొదటి ప్రయాణికుల రైలు గండి అంచుకు వచ్చింది. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి రోజంతా బండిలో కుదుపులు తిని రావాల్సిన చోటికి విలియమ్స్‌లో రైలెక్కితే 3 డాలర్ల 95 సెంట్లకు వచ్చేయొచ్చు. ఆ రైలు ఆగేది బెర్రీ హోటల్‌కు పదకొండు మైళ్ల పడమరగా. ఆ రైలుపట్టాలు మొదట్లో వేసింది కూడా అనీటా అనే రాగిగనుల కోసమే. ఖనిజం కోసం వచ్చిన రైలు ఖనిజాన్ని వదిలి యాత్రికులను పట్టుకుంది.

బెర్రీకి అటూ ఇటూ కూడా ఇలాంటి కథలే. 1883 ప్రాంతంలో వచ్చిన జాన్ హాన్స్, ఆ తర్వాత వచ్చిన విలియం వాలెస్ బాస్ ఇద్దరూ రాతినార వెంట పడ్డారు. ఆస్బెస్టాస్ అంటే అందరికీ తెలిసిన రేకుల ముడిసరుకు. రాయే, కానీ నారలా పోగులు తీయొచ్చు, నేయొచ్చు, నిప్పుకు కాలదు. మంటలకు భయపడే నాటకశాలల తెరలకు ఆ రోజుల్లో దాన్ని వాడేవారు. ఊపిరితిత్తులను అది ఎలా తినేస్తుందో అప్పటికి తెలియదు. హాన్స్ గని నదికి అవతలి ఒడ్డున ఉండేది. తవ్విన నారను పడవలో ఇవతలికి దాటించి, గాడిదల మీద మైలు ఎత్తు ఎక్కించాలి. ఆయన కూడా త్వరలోనే యాత్రికులను దింపే పనికి మళ్లాడు. కథలు చెప్పడంలో దిట్ట. ఈ గండిని నేనే తవ్వానని పిల్లలను నమ్మించేవాడట. 1919 జనవరిలో కన్నుమూశాడు. మరుసటి నెలలోనే గండి జాతీయ ఉద్యానవనం అయింది.

బాస్ 1908లో నదిమీద తీగ కట్టి, దానికి వేలాడే పంజరంలాంటి పెట్టెలో గాడిదలను దాటించాడు. ఆయన భార్య ఏడా సంగీతం నేర్పే టీచరు. అంచున కాపురం పెట్టి నలుగురు పిల్లలను పెంచింది. పైన నీటికి కటకట. తొట్లు ఎండిన రోజుల్లో బట్టలుతకడానికి నది దాకా దిగి, ఉతికి, ఆరేసి, తిరిగి పైకి రావడానికి మూడు రోజులు పట్టేది. గనుల చరిత్రల్లో టన్నుల లెక్కలే ఉంటాయి. ఈ బట్టల మూట బరువు కూడా ఆ చరిత్రలోదే.

రాతినార అక్కడెలా పుట్టిందో చెప్పుకుంటే కథ కడప జిల్లాకు వస్తుంది. గండి అడుగున బాస్ అనే సున్నపురాతి పొర ఉంది. విలియం బాస్ పేరే దానికీ వచ్చింది. మెగ్నీషియం నిండిన ఆ పొరల మధ్యకు 110 కోట్ల ఏళ్ల కిందట కరిగిన నల్లరాయి అడ్డంగా చొచ్చుకొచ్చింది. రెండూ తాకినచోట వేడినీళ్ల పనితనంతో ఆకుపచ్చ సర్పెంటైన్, దాని చీలికల్లో తెల్లటి నార పుట్టాయి. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె ప్రాంతంలో ఒకప్పుడు తవ్విన రాతినారదీ అచ్చంగా ఇదే పుట్టుక. అక్కడి పొర వేంపల్లె డోలమైట్, చొచ్చుకొచ్చింది డోలరైట్, వయసు మాత్రం ఇంకా ఎక్కువ. పెన్నా ఎర్రమల కొండలను కోసిన గండికోటను ఇండియా గ్రాండ్ కేన్యన్ అని పర్యాటక ప్రకటనలు పిలుస్తుంటాయి. చూపుకు మాత్రమే ఆ పోలిక చెబుతారు గానీ, అసలైన పోలిక ఆ జిల్లా రాళ్ల లోపల ఉంది.

కామెరాన్ అందరికంటే తెలివైనవాడు. గండిలో రాగి తవ్వడం కంటే గండికి దారి చేతిలో పెట్టుకోవడం మేలని ముందే గ్రహించాడు. ఊట ఉన్న చెట్లచోటికి హవసుపాయ్‌లు దిగే పాత దారినే వెడల్పు చేసి, బ్రైట్ ఏంజెల్ కాలిబాట అని, గుర్రానికి డాలరు సుంకం పెట్టాడు. అంచునా, ఊట దగ్గరా, దారిలో కీలకమైన ప్రతిచోటా గని హక్కులు నమోదు చేయించాడు. ఆ హక్కుల కింద ఖనిజం లేదు. 1908లో థియోడర్ రూజ్‌వెల్ట్ గండిని జాతీయ స్మారకంగా ప్రకటించినా కామెరాన్ కదల్లేదు. వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1920లో కోర్టు ఆ హక్కులు చెల్లవని, అలాంటి స్థలాన్ని స్మారకంగా ప్రకటించే అధికారం అధ్యక్షుడికి ఉందని తీర్పిచ్చింది. ఆ మరుసటి ఏడే ఆయన ఆరిజోనా సెనేటరయ్యాడు. 1928లో కాలిబాట చివరికి ఉద్యానవనం చేతికి వచ్చింది. అదే ఏడాది ఆ ఊట దగ్గర మిగిలిన హవసుపాయ్‌లను అక్కడినుంచి వెళ్లగొట్టారు. గనివాడికి కోర్టు మెట్లెక్కే అవకాశం దొరికింది. ఆ తోటలో తరతరాలుగా మొక్కజొన్న వేసుకున్నవాళ్లకు అదీ దొరకలేదు. ఇండియన్ గార్డెన్ అని పిలిచే ఆ చోటికి హవసుపాయ్ గార్డెన్స్ అని పేరు మార్చింది 2022లో.

ఎక్కుడును యంత్రాలతో జయించాలని రెండుసార్లు ప్రయత్నించారు. మొదటిది గబ్బిలాల రెట్ట కోసం. పడమటి చివర ఒక గుహలో లక్ష టన్నుల ఎరువు ఉందని అంచనా వేసి, 1950ల చివర్లో ఒక కంపెనీ నదిమీదుగా ఉక్కుతీగ లాగింది. లోపల ఉన్నది సుమారు వెయ్యి టన్నులు. 1960కల్లా మూసేశారు. రెండోది యురేనియం. అందులో సరుకు నిజంగానే ఉంది.

అది దొరికింది డేనియల్ హోగన్ 1893లో రాగి కోసం హక్కు పెట్టుకున్న చోట. ఇప్పటి పర్యాటకుల బస్సులు ఆగే పావెల్ పాయింట్ పక్కనే, అంచుకు వెయ్యి అడుగుల కింద. గనిపేరు ఆర్ఫన్, అనాథ. నిచ్చెనలు, తాళ్లు పట్టుకుని దిగేవాడు. రాగి పెద్దగా ఇచ్చింది లేదు. 1951లో అక్కడి రాళ్లు రేడియోధార్మికత చూపిస్తున్నాయని తేలింది. అణుబాంబుల పోటీ నడుస్తున్న కాలం. 1956లో తవ్వకం మొదలైంది. మొదట తీగల మీద బకెట్లు, 1959 నుంచి అంచు మీదినుంచే నిలువు బావి, లిఫ్టు. పీట్ బెర్రీని ఓడించిన ఎత్తు ఇప్పుడు అడ్డంకి కాలేదు. 1969 దాకా తీసిన యురేనియం ఆక్సైడ్ 43 లక్షల పౌన్లు. యజమానులు మధ్యలో గండిగోడ మీదుగా కిందికి దిగే హోటల్ కడతామని కూడా బయల్దేరారు. అది ఆపడానికి 1962లో ప్రభుత్వం ఒక చట్టం చేసి, స్థలం చివరకు ఉద్యానవనానికి ఇచ్చేట్టయితే పక్కన ఉద్యానవనం కిందుగా కూడా తవ్వుకోవచ్చని ఒప్పుకుంది.

బెర్రీ రాగికీ ఈ యురేనియానికీ పుట్టిల్లు ఒకటే. రెడ్‌వాల్ సున్నపురాయిలో నీళ్లు గుహలు తొలుస్తాయి. పైకప్పు కూలుతుంది. కూలిన ఖాళీలోకి ఇంకా పైనున్న పొరలు కూలుతూ, వేల అడుగుల ఎత్తున రాళ్లముక్కలతో నిండిన గొట్టంలా తయారవుతుంది. ఆ ముక్కల సందుల్లోకి పాకిన ద్రవాలు రాగి, యురేనియం, ఆర్సెనిక్, వెండి వదిలిపోతాయి. గాలి తగలని చోట అవి కోట్ల ఏళ్లు కదలకుండా ఉంటాయి. తవ్వితే గాలీ నీరూ తగులుతాయి, కరుగుతాయి. ఆర్ఫన్ గని కింద పారే హార్న్ క్రీక్ నీళ్లలో ఇప్పుడు యురేనియం ఉంది. దప్పికతో చావడం తప్ప వేరే గతి లేనప్పుడు తప్ప ఆ నీళ్లు ముట్టొద్దని ఉద్యానవనం అధికారులు నడిచివెళ్లేవాళ్లకు చెబుతారు.

అలాంటి రాతిగొట్టాలు గండికి రెండువైపులా వందల్లో ఉన్నాయి. 2012లో అమెరికా ప్రభుత్వం చుట్టుపక్కల పది లక్షల ఎకరాల్లో కొత్త గని హక్కులను ఇరవై ఏళ్లు ఆపింది. 2023 ఆగస్టులో 9 లక్షల 17 వేల ఎకరాలను బాజ్ న్వావ్‌జో ఇతా కుక్వేని జాతీయ స్మారకంగా ప్రకటించింది. మొదటి సగం హవసుపాయ్ మాట, తెగలు తిరుగాడే చోటు అని. రెండో సగం హోపీ మాట, మా పూర్వీకుల అడుగుజాడలు అని. పాత హక్కులు మాత్రం అలాగే ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో, ఆ స్మారకం హద్దుల్లోనే, గండి ఉద్యానవనానికి పది మైళ్ల లోపున పిన్యన్ ప్లెయిన్ అనే గని యురేనియం తీయడం మొదలుపెట్టింది. అంతకుముందు 2016లో ఆ బావి తవ్వుతుంటే భూగర్భజలం తగిలి లక్షల గ్యాలన్లు పైకి ఊరింది.

ఈ భయం తెలుగువాళ్లకు తెలియనిది కాదు. రాతినార పుట్టిన ఆ వేంపల్లె డోలమైట్‌లోనే, తుమ్మలపల్లెలో, యురేనియం గని నడుస్తోంది. చుట్టుపక్కల ఊళ్ల రైతులు బోరునీళ్ల గురించి, అరటితోటల గురించి ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని చెంచుగూడేల నుంచి పట్నాల దాకా జనం గొంతెత్తితే, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

హవసుపాయ్ అంటే వాళ్ల భాషలో నీలి ఆకుపచ్చ నీళ్ల మనుషులు అని అర్థం. వాళ్ల ఊరు సుపాయ్ గండి అడుగున ఉంది, దారి చివరినుంచి ఎనిమిది మైళ్లు. నడకనో గాడిద మీదనో హెలికాప్టర్‌లోనో వెళ్లాలి, ఉత్తరాలు నేటికీ కంచరగాడిదల మీదే వెళ్తాయి. వాళ్ల వాగుకు ఆ నీలి ఆకుపచ్చ రంగు ఇచ్చేది పైపొరల సున్నపురాయి నుంచి కరిగివచ్చిన మామూలు సున్నమే. ఆ రాళ్ల లోపలినుంచి ఊరే నీళ్లే వాళ్లకు తాగునీరు, సాగునీరు. 1882లో 518 ఎకరాలకు కుదించేసిన వాళ్ల నేలలో లక్షా 85 వేల ఎకరాలు 1975లో తిరిగి దక్కాయి. నేల తిరిగొచ్చాక నీళ్లు పోతాయేమోనని వాళ్ల బెంగ. పిన్యన్ ప్లెయిన్ గనిని వాళ్లు 1980ల నుంచి వ్యతిరేకిస్తున్నారు. కోర్టుకు వెళ్లి ఓడిపోయారు, అయినా వదల్లేదు. ఆ పట్టుదల న్యాయమైనది.

ఎండాకాలం సెలవుల్లో గ్రాండ్ కేన్యన్ చూడటానికి వెళ్లే తెలుగు కుటుంబాలకు ఒక విన్నపం. గ్రాండ్‌వ్యూ దారిలో దిగితే హార్స్‌షూ మీసా దగ్గర కాలికింద నీలిరంగు, ఆకుపచ్చ రాగిరాళ్లు ఇంకా కనిపిస్తాయి. వాటిని తీసుకోవడం చట్టరీత్యా నేరం. పిల్లల చేతిలో పెట్టి చూపించి, ఎక్కడ తీశారో అక్కడే పెట్టి రండి.